మాక్ టెస్టుకే ఓ టెస్టు పెడదాం!

తెలుగులో తొలి కథ ఏది? గూగుల్ చేయకుండా చెప్పండి.

‘దిద్దుబాటు’ అన్నారా? గురజాడ అప్పారావు కథ, 1910 నాటిది. చాలా బిట్ బ్యాంకుల్లో కీ ఇదే. కానీ భండారు అచ్చమాంబ రాసిన ‘ధన త్రయోదశి’ 1902లోనే అచ్చయింది. తొలి కథ అదేనని వాదించే పరిశోధకులు తక్కువేం లేరు. మరి పరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఈ రెండూ ఉంటే ఏది నొక్కాలి?

ఈ డౌటు నాది కాదు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పైగా ఇంటర్లో మార్కులు ఎక్కువ పడతాయని సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకున్న బ్యాచ్! డౌటు మా పిన్ని కూతురిది. వాళ్లది సూర్యాపేట పక్కనే ఉన్న చివ్వెంల. చెల్లె ఎం.ఏ. తెలుగు చేసింది. సూర్యాపేటలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, రాత్రిపూట యూజీసీ నెట్ తెలుగు పరీక్షకు చదువుకుంటోంది. ఓ రోజు వాట్సాప్‌లో రెండు స్క్రీన్‌షాట్లు పంపింది. ప్రశ్న ఒకటే. యాప్‌లు రెండు. కీలు కూడా రెండు. కింద ఒకటే లైను: “అన్నా, రెండిట్ల ఏది నమ్మాలె?”

సాహిత్యం సంగతి నాకు అంతగా తెలియదు గానీ, ఈ రకం తలనొప్పి మాత్రం బాగా తెలుసు. మా పనిలో ప్రోగ్రామ్‌ని టెస్ట్ చేసే ముందు, ఆ టెస్టు సరిగ్గా ఉందా అని చూసుకోవాలి. టెస్టే తప్పయితే, పాసైనా ఫెయిలైనా ఆ ఫలితానికి అర్థం లేదు. మాక్ టెస్టులకూ ఇదే రూలు. అప్పటినుంచి చెల్లె, నేను కలిసి తెలుగు మాక్ టెస్టుల వెంట పడ్డాం. తేలిందేంటో చెబుతాను. నెట్, సెట్, జేఎల్, డీఎస్సీ... తెలుగు సబ్జెక్టుతో ఏ పరీక్ష రాసేవాళ్లకైనా పనికొస్తుంది.

పందెం చిన్నదేం కాదు

ముందు పరీక్ష గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. యూజీసీ నెట్‌ను 2018 డిసెంబర్ నుంచి ఎన్‌టీఏ నిర్వహిస్తోంది. అంతకుముందు సీబీఎస్ఈ చూసుకునేది. తెలుగు సబ్జెక్టు కోడ్ 27. పేపర్-1 అందరికీ ఒకటే, 50 ప్రశ్నలు. పేపర్-2 మన సబ్జెక్టు, 100 ప్రశ్నలు. ప్రశ్నకు 2 మార్కుల చొప్పున మొత్తం 300. రెండూ కలిపి మూడు గంటలు. లెక్కేస్తే ఒక్కో ప్రశ్నకు 72 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు.

రాసినవాళ్లలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత దక్కేది 6 శాతం మందికే. అందులోనూ పైన ఉన్న కొద్దిమందికి జేఆర్‌ఎఫ్ వస్తుంది. అంటే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. దానికి వయసు 30 దాటకూడదు. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు ఐదేళ్ల సడలింపు ఉంది. ప్రైవేటు కాలేజీ జీతంతో నెట్టుకొస్తున్న ఎం.ఏ. తెలుగు వాళ్లకు ఇది ఎంత పెద్ద మలుపో వేరే చెప్పక్కర్లేదు.

చెల్లెకు రోజూ దొరికే టైము రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా. ఆ రెండు గంటల్లో మూడు నెలలపాటు ఓ యాప్‌లోని బిట్లు కంఠస్థం చేసింది. సుమారు ఆరు వందలు. నేను యాదృచ్ఛికంగా ఓ 50 తీసి, పుస్తకాలతో సరిచూడమన్నాను. అందులో తొమ్మిది తప్పని తేలింది.

వాటిలో ఒకటి తనను బాగా బాధపెట్టింది. ‘శృంగార శాకుంతలం’ కర్త ఎవరు అన్న ప్రశ్నకు ఆ యాప్ కీ శ్రీనాథుడు. శ్రీనాథుడు రాసింది ‘శృంగార నైషధం’. ‘శృంగార శాకుంతలం’ పిల్లలమర్రి పినవీరభద్రుడిది. మన సూర్యాపేట పక్కనే కాకతీయుల కాలం నాటి గుళ్లున్న పిల్లలమర్రి ఉందే, ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరు. “మా పక్కూరి పేరు ఇంటిపేర్ల పెట్టుకున్న కవినే తప్పు సదివిన గదన్నా” అంది. తప్పు చదవలేదు, తప్పు చదివించారు. రెండింటికీ చాలా తేడా ఉంది. అయితే పరీక్ష హాల్లో మార్కు పోయేది మాత్రం చదివినవాళ్లకే.

తెలుగుకే ఎందుకీ గోస?

పేపర్-1కు మాక్ టెస్టులు కుప్పలు తెప్పలు. దేశమంతా అదే పేపర్ కాబట్టి కొనేవాళ్లు లక్షల్లో ఉంటారు. తప్పు కీ ఇస్తే కామెంట్లలో వెంటనే దులిపేస్తారు. తెలుగు పేపర్‌కు ఆ మార్కెట్ లేదు. కొనేవాళ్లు తక్కువ కాబట్టి సబ్జెక్టు తెలిసిన మనిషిని పెట్టి ప్రశ్నలు రాయించడం కంపెనీలకు గిట్టుబాటు కాదు. దాంతో ఎక్కడో ఉన్న బిట్లే యాప్ నుంచి యాప్‌కు, పీడీఎఫ్ నుంచి పీడీఎఫ్‌కు తిరుగుతుంటాయి. ఒకచోట పడిన తప్పు పదిచోట్ల కనిపిస్తుంది. పదిచోట్ల ఉంది కాబట్టి నిజమేమో అనిపిస్తుంది.

ఇంకోటి టెక్నికల్ సంగతి. పాత తెలుగు ప్రశ్నపత్రాలు, గైడ్లు చాలావరకు యూనికోడ్ కాని ఫాంట్లలో టైపైనవి. లేదంటే స్కాన్ చేసిన బొమ్మలు. వాటిలోంచి ఒక లైను కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. గూగుల్‌లో వెతికినా దొరకవు. అందుకే ఎవరో కూర్చుని మళ్లీ టైప్ చేయాలి, లేదా బొమ్మను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ వాడాలి. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో ద-ధ, ప-వ, మ-వు లాంటి జంటల దగ్గర తడబాటు ఎక్కువ. మామూలు వార్తలో ఒక వత్తు పోతే అర్థం చేసుకుంటాం. ఛందస్సు ప్రశ్నలో ఒక అక్షరం మారితే గణమే మారిపోతుంది. వ్యాకరణంలో అయితే సంధే మారుతుంది.

మూడోది, టెంప్లేట్ గోల. బ్యాంకు పరీక్షలకు చేసిన అచ్చులోనే తెలుగు బిట్లు పోసేస్తారు. అందుకే కొన్ని నెట్ మాక్ టెస్టుల్లో నెగెటివ్ మార్కులు కనిపిస్తాయి. అసలు పరీక్షలో అవి లేవు కదా! ఇలాంటి మాక్‌లు నెలల తరబడి రాస్తే, తెలియని ప్రశ్న వదిలేయడం అలవాటైపోతుంది. నెట్‌లో ఒక్కటి కూడా వదలకూడదు. అంటే ఆ మాక్ మీకు నేర్పింది రివర్స్ పాఠం అన్నమాట.

జవాబు వెనక పుస్తకం

లెక్కల పరీక్షలో జవాబు ఒకటే. సాహిత్యంలో కొన్నిచోట్ల అలా కాదు. జవాబు వెనక ఒక పుస్తకం ఉంటుంది. ఏ పుస్తకమో చెప్పకుండా జవాబు మాత్రం ఇచ్చేస్తే అది సగం జవాబే.

‘కన్యాశుల్కం’ ఏ సంవత్సరానిది? తొలిసారి ప్రదర్శించింది 1892లో. అచ్చయింది 1897లో. మనం ఇప్పుడు చదివే, బాగా పెంచి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఆప్షన్లలో ఈ మూడూ ఇచ్చి, ప్రశ్నలో మాత్రం ‘ఎప్పుడు వచ్చింది?’ అని వదిలేస్తే ఆ ప్రశ్నే తప్పు. ‘తొలి ప్రదర్శన’, ‘తొలి ముద్రణ’, ‘రెండో కూర్పు’ అని విడమర్చి అడిగితే అది మంచి ప్రశ్న.

తొలి నవల సంగతీ అంతే. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878 అని ఎక్కువమంది చెబుతారు. నరహరి గోపాలకృష్ణమ శెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ అంతకు ఆరేళ్ల ముందే, 1872లో వచ్చింది. మీ మాక్ టెస్టు ఏదో ఒకటి కీ ఇచ్చి ఊరుకుందా, లేక రెండో వాదన కూడా వివరణలో చెప్పిందా? దాన్ని బట్టే ఆ టెస్టు ఎవరు తయారుచేశారో తెలిసిపోతుంది.

కాలక్రమం ప్రశ్నల్లో నన్నెచోడుడు వస్తే మరీ ఇబ్బంది. మానవల్లి రామకృష్ణకవి 1909లో ‘కుమారసంభవం’ను వెలికితీసి అచ్చువేస్తూ, నన్నెచోడుడు నన్నయ కంటే ముందువాడని వాదించారు. తర్వాతి పండితులు చాలామంది కాదు, నన్నయ తర్వాతివాడేనన్నారు. ఏ సాహిత్య చరిత్ర చేతిలో పట్టుకుని ప్రశ్న రాశారన్నదాన్ని బట్టి వరుస మారిపోతుంది.

పుస్తకం సంవత్సరం, అవార్డు సంవత్సరం కలిపేయడం ఇంకో మామూలు తప్పు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949 నాటిది. దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది 1955లో, తెలుగుకు అదే మొదటిది. మేం చూసిన ఓ బిట్ బ్యాంకులో పుస్తకం ప్రచురణే 1955 అని ఉంది.

పాత పేపర్లే బంగారం

అయితే నమ్మదగిన టెస్టు ఎక్కడ దొరుకుతుంది? పాత ప్రశ్నపత్రం, దానికి అధికారికంగా ఇచ్చిన ఫైనల్ కీ. ఇంతకు మించిన మాక్ టెస్టు లేదు. పైగా ఉచితం.

ఎన్ని దొరుకుతాయో లెక్క చూద్దాం. నెట్‌లో మూడో పేపర్ కూడా 2012 జూన్‌లో ఆబ్జెక్టివ్ అయింది. అప్పటినుంచి 2017 చివరిదాకా ఒక్కో విడతలో పేపర్-2లో 50, పేపర్-3లో 75... అంటే సబ్జెక్టు ప్రశ్నలే 125. 2018 జులై నుంచి రెండు పేపర్ల పద్ధతి వచ్చింది కాబట్టి విడతకు 100. పది విడతల పేపర్లు సంపాదించినా వెయ్యికి పైగా అసలు ప్రశ్నలు చేతిలో ఉన్నట్టే. ఏ యాప్ ఇస్తుంది ఇన్ని?

రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. ఒకటి, 2019 జూన్ నుంచి సిలబస్ మారింది. అంతకుముందు పేపర్లు వాడొచ్చు గానీ, కొత్త సిలబస్ ప్రింటవుట్ పక్కన పెట్టుకుని లేని అంశాలు కొట్టేయండి. రెండు, కీ రెండుసార్లు వస్తుంది. మొదట వచ్చేది ప్రాథమిక కీ. దానిమీద అభ్యర్థులు ప్రశ్నకు 200 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. వాటిని నిపుణులు చూశాక ఫైనల్ కీ ఇస్తారు. ఫలితాలు దాని ప్రకారమే. యాప్‌ల వాళ్లు తొందరలో ప్రాథమిక కీనే ఎక్కించేసి, తర్వాత మార్చడం మర్చిపోతారు. అడుగున ఎక్కడైనా ‘ఫైనల్’ అని ఉందేమో చూడండి.

ఎన్‌టీఏ కీ తెరిచినవాళ్లకు ఇంకో షాక్ ఉంటుంది. అందులో ఎ, బి, సి, డి ఉండవు. ప్రతి ప్రశ్నకూ ఓ పొడవాటి నంబరు, సరైన ఆప్షన్‌కు ఇంకో పొడవాటి నంబరు. చెల్లె దాన్ని చూసి బెదిరిపోయి పక్కన పెట్టేసింది. భయపడాల్సిన పనిలేదు. ప్రశ్నపత్రం పీడీఎఫ్‌లో ప్రతి ప్రశ్న దగ్గరా అవే నంబర్లు ఉంటాయి. ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్‌లో గానీ ఒక కాలమ్‌లో ప్రశ్న నంబరు, పక్కన ఆప్షన్ నంబరు వేసుకుంటే వెతకడం సులువు. ఒక పేపర్‌కు గంట పని. ఒక్కసారి చేసి ఫ్రెండ్స్‌కు పంపితే అందరికీ పనికొస్తుంది.

నెట్ పేపర్లు అయిపోతే తెలంగాణ సెట్ చూడండి. ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తుంది. పేపర్లు, ప్రశ్నలు, టైము అచ్చం నెట్ లెక్కే. తర్వాత 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు 2022లో ఇచ్చిన నోటిఫికేషన్ తాలూకు తెలుగు పేపర్. డీఎస్సీ వాళ్లయితే 11,062 పోస్టులకు 2024 జులై, ఆగస్టుల్లో జరిగిన పరీక్షలతో మొదలుపెట్టాలి. అక్కడ 160 ప్రశ్నలకు 80 మార్కులు, అంటే ప్రశ్నకు అర మార్కు. పద్ధతి వేరు, లోతు వేరు. నెట్ వాళ్లు డీఎస్సీ బిట్లతో, డీఎస్సీ వాళ్లు నెట్ బిట్లతో తమను తాము కొలుచుకోవద్దు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో పీజీ అడ్మిషన్ల కోసం ఇంగ్లిష్ సాహిత్యానికి ఓ జీఆర్‌ఈ సబ్జెక్టు టెస్టు ఉండేది. 2021లో ఆపేశారు. అక్కడి విద్యార్థులు కూడా పరీక్ష పెట్టే సంస్థ ఉచితంగా ఇచ్చే ప్రాక్టీస్ పుస్తకాన్నే ముందుగా పట్టుకునేవాళ్లు. ప్రశ్నలు తయారుచేసేవాళ్ల మనసు ఎలా పనిచేస్తుందో అందులోనే తెలుస్తుంది మరి.

డబ్బు కట్టే ముందు ఐదు చెక్‌లు

పాత పేపర్లు అయిపోయాక కొత్త ప్రశ్నలు కావాలనిపించడం సహజం. టెస్ట్ సిరీస్ కొనొద్దని నేను చెప్పను. బాగా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ కొనే ముందు ఉచిత డెమో టెస్టు రాసి, ఈ ఐదూ చూడండి. అరగంట చాలు.

1. పది ప్రశ్నలు, పది పేజీలు: డెమోలోంచి కళ్లు మూసుకుని పది ప్రశ్నలు తీయండి. ఒక్కోదానికి జవాబు పుస్తకంలో చూడండి. ఒకటి తప్పయితే ఇంకో పది చూడండి. రెండు తప్పయితే యాప్ తీసేయండి.

2. వివరణ ఉందా?: ‘సరైన జవాబు: సి’ అని రాయడం వివరణ కాదు. ఏ పుస్తకం, ఏ అధ్యాయం అని చెప్పాలి. ఆధారం చెప్పే ధైర్యం ఉన్నవాళ్లు ప్రశ్న కూడా జాగ్రత్తగానే రాస్తారు.

3. ప్రశ్నల రకం: అసలు పేపర్‌లో జతపరచండి, కాలక్రమంలో అమర్చండి, ప్రతిపాదన-కారణం, రెండు మూడు వాక్యాలిచ్చి ఏవి సరైనవి అని అడిగేవి, పేరా చదివి జవాబులు చెప్పేవి ఉంటాయి. మాక్‌లో వందకు వంద ‘ఫలానా గ్రంథ కర్త ఎవరు?’ రకమే అయితే అది క్విజ్ పోటీకి పనికొస్తుంది, నెట్‌కు కాదు.

4. అక్షర దోషాలు: మొదటి పాతిక ప్రశ్నల్లో వత్తులు, దీర్ఘాలు చూడండి. కవి పేరే తప్పు రాసినవాళ్లు కాలం మాత్రం సరిగా ఇస్తారా?

5. అడిగితే పలుకుతారా?: తప్పు కనిపిస్తే చెప్పడానికి బటన్ గానీ, మెయిల్ గానీ ఉందా? ఒక తప్పు పంపి వారం ఆగండి. సరిచేశారా, సరే. కనీసం జవాబు కూడా రాలేదా, మీ 499 రూపాయలు మీ దగ్గరే ఉంచుకోండి.

మేం నాలుగు టెస్ట్ సిరీస్‌లను ఇలా జల్లెడ పట్టాం. నిలబడింది ఒకటి. అది కూడా ఓ రిటైర్డ్ లెక్చరర్ సొంతంగా, జిరాక్స్ కాపీల మీద నడిపేది. యాప్ లేదు, డిజైన్ లేదు. ప్రతి జవాబు కింద పుస్తకం పేరు మాత్రం ఉంది.

ఏఐని అడిగితే సరి కదా?

ఈ మాట వస్తుందని తెలుసు. అడిగాం కూడా. ఓ చాట్‌బాట్‌ను వ్యాకరణం మీద 20 ప్రశ్నలు ఇమ్మంటే పది సెకన్లలో ఇచ్చేసింది. తెలుగు కూడా చక్కగా ఉంది. అందులో ఒకచోట బాలవ్యాకరణం బహుజనపల్లి సీతారామాచార్యులది అని ఉంది. ఆయనది ప్రౌఢవ్యాకరణం. బాలవ్యాకరణం చిన్నయసూరిది. ఆధారం అడిగితే ఆరుద్ర ‘సమగ్రాంధ్ర సాహిత్యం’లో ఫలానా పేజీ అని నంబరుతో సహా చెప్పింది. పుస్తకం తెరిస్తే ఆ పేజీలో ఆ ఊసే లేదు.

దీనికి కారణం సింపుల్. ఇవి తర్వాత ఏ మాట వస్తే సహజంగా ఉంటుందో అంచనా వేసే యంత్రాలు. బాలవ్యాకరణం, ప్రౌఢవ్యాకరణం, చిన్నయసూరి, సీతారామాచార్యులు ఎప్పుడూ పక్కపక్కనే కనిపించే పేర్లు. తెలుగు సాహిత్యం గురించి ఇంటర్నెట్‌లో ఉన్న సరుకే తక్కువ కాబట్టి ఎవరిది ఏదో కలిపేసే ప్రమాదం ఎక్కువ. ఇబ్బందేంటంటే తప్పును కూడా అంతే ధీమాగా చెబుతుంది.

అలాగని పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు. వాడే పద్ధతి మార్చండి. మీరు పుస్తకంలోంచి ఓ రెండు పేజీలు టైప్ చేసి గానీ, వాయిస్ టైపింగ్‌తో గానీ ఎక్కించి, ‘ఇందులో ఉన్న సంగతుల మీదే పది ప్రశ్నలు ఇవ్వు, బయటివి కలపకు’ అనండి. అప్పుడు తప్పుల సంఖ్య బాగా తగ్గుతుంది. వచ్చిన కీని ఎలాగూ ఆ రెండు పేజీలతోనే సరిచూసుకోవచ్చు. అంటే ఏఐ చేత ప్రశ్నలు రాయించుకోండి, నిజాలు మాత్రం పుస్తకంలోంచే తెచ్చుకోండి.

‘గ్యారంటీ పేపర్’ వలలో పడొద్దు

టెలిగ్రామ్‌లో ఇంకో రకం వ్యాపారం ఉంది. పరీక్షకు వారం ముందు ‘గ్యారంటీ ప్రశ్నలు’, ‘లీక్డ్ సెట్’ అంటూ మెసేజ్‌లొస్తాయి. 2024 జూన్ 18న జరిగిన నెట్ గుర్తుందా? 9 లక్షల మందికి పైగా రాశారు. మర్నాడే, 19న, పరీక్ష రద్దు చేశారు. పేపర్ బయటికొచ్చిందంటూ తిరిగిన ఓ స్క్రీన్‌షాట్ మార్ఫింగ్ చేసిందని తర్వాత సీబీఐ దర్యాప్తులో తేలింది. అయితేనేం, అందరూ ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మళ్లీ రాయాల్సి వచ్చింది. ఒక్క ఫేక్ ఫొటో చేసిన పని అది. అలాంటి గ్రూపు ఫోన్‌లో కనిపిస్తే ఎగ్జిట్ నొక్కడమే.

నలుగురు కలిస్తే ఓ ప్రశ్నల బ్యాంకు

చివరికి చెల్లె ఏం చేస్తోందో చెబుతాను. నాకైతే ఇదే అన్నిటికంటే మంచి దారి అనిపించింది.

ఎం.ఏ.లో తనతో చదివిన ముగ్గురిని కలుపుకుంది. సూర్యాపేట నుంచి ఒకరు, కోదాడ నుంచి ఒకరు, మిర్యాలగూడ నుంచి ఒకరు. నేను చేసిందల్లా ఓ గూగుల్ షీట్ తయారుచేయడమే. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, జవాబు, పుస్తకం, పేజీ నంబరు, ఎవరు రాశారు, ఎవరు చెక్ చేశారు... అంతే కాలమ్‌లు. ఒకటే రూలు: పేజీ నంబరు లేని ప్రశ్న షీట్‌లో ఉండకూడదు.

వారానికి మనిషికి పది ప్రశ్నలు. ఒకరు రాసింది ఇంకొకరు పుస్తకం తెరిచి చెక్ చేయాలి. మొదటి వారం వచ్చిన 40లో ఏడు ఎగిరిపోయాయి. మూడో వారానికి ఒకటో రెండో. ఎందుకంటే ప్రశ్న రాయాలంటే పేజీ మొత్తం చదవాలి, తప్పు ఆప్షన్లు మూడు నమ్మేలా పెట్టాలంటే పక్క కవులు కూడా తెలిసుండాలి. ‘గోలకొండ కవుల సంచిక’ మీద ఒక్క ప్రశ్న రాయడానికి కోదాడ అమ్మాయి సాయంత్రమంతా కూర్చుందట. 1934, సంపాదకుడు సురవరం, 354 మంది కవులు అని బిట్‌గా చదివితే పది సెకన్లు. కానీ ‘తెలంగాణలో కవులు లేరు’ అన్న మాటకు జవాబుగా అంతమందిని ఒకచోట చేర్చారని తెలిశాక, ఆ నంబరు ఇక మర్చిపోదు.

పుస్తకాలకు పెద్ద ఖర్చేం పెట్టలేదు. ఆరుద్ర, పింగళి లక్ష్మీకాంతం సాహిత్య చరిత్రలు, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన ‘తెలుగు భాషా చరిత్ర’, సినారె ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ లాంటివి లైబ్రరీలో వెతికారు. దొరకని పాతవాటిని ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ కాపీలుగా దించుకున్నారు. వికీసోర్స్, ఆంధ్రభారతి సైట్లు మూల గ్రంథాలకు, నిఘంటువులకు. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠిలో సెకండ్ హ్యాండ్‌వి ఒకటి రెండు నేను తెచ్చిచ్చాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నలుగురూ ఎవరింట్లో వాళ్లు, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, మూడు గంటలు టైమర్‌తో ఓ పాత పేపర్ మొత్తం రాస్తారు. తప్పులన్నీ మూడు రకాలుగా విడదీస్తారు: తెలియక పోయినవి, తెలిసీ తొందరలో పోయినవి, కీ మీదే అనుమానం ఉన్నవి. మొదటి రకానికి చదవాలి. రెండో రకానికి టైము చూసుకోవాలి. మూడో రకం షీట్‌లో ‘వివాదం’ అనే ట్యాబ్‌లోకి వెళ్తుంది. అక్కడ రెండు వాదనలూ, రెండు పుస్తకాలూ పక్కపక్కన రాస్తారు.

అలాంటి ప్రశ్న పరీక్షలో వస్తే ఏం చేయాలి? వాళ్లు పెట్టుకున్న పద్ధతి ఇది. ముందు ప్రశ్నలో మాటలు జాగ్రత్తగా చదవాలి. ‘తొలి ముద్రణ’, ‘ప్రసిద్ధి’, ‘ఫలానా వారి అభిప్రాయం ప్రకారం’ లాంటి మాట ఒక్కటి ఉన్నా దారి దొరుకుతుంది. కాలక్రమం ప్రశ్న అయితే వివాదం లేని మిగతా ముగ్గురి వరుస పెట్టి చూస్తే చాలాసార్లు ఒకటే ఆప్షన్ మిగులుతుంది. అదీ కుదరకపోతే పాత ఫైనల్ కీల్లో ఏ వాదన వైపు మొగ్గారో గుర్తు తెచ్చుకుని అది పెట్టడమే. నెగెటివ్ లేదు కాబట్టి ఖాళీ మాత్రం వదలొద్దు. పరీక్షయ్యాక కీ తేడాగా వస్తే, పేజీ నంబరు చేతిలో ఉంది కాబట్టి 200 కట్టి అభ్యంతరం పంపొచ్చు.

తొలి కథ ప్రశ్న ఇప్పుడు ఆ ట్యాబ్‌లో మొదటి వరుసలో ఉంది. దానికోసం చెల్లె ‘ధన త్రయోదశి’ వెతికి మరీ చదివింది. అచ్చమాంబ పుట్టింది పెనుగంచిప్రోలులో. మన కోదాడ దాటి జగ్గయ్యపేట మీదుగా వెళ్తే వచ్చే ఊరు. “ఇంత దగ్గరి మనిషిని నాలుగు ఆప్షన్లల్ల ఒక పేరు లెక్క చూసిన ఇన్నిరోజులు” అంది ఫోన్‌లో.

తను రాయబోయే నెట్‌లో ఏమవుతుందో చూడాలి. ఈలోగా రోజూ కాలేజీలో ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతూనే ఉంది. మొన్న ఎవరో అడిగారట, “మేడమ్, ఫస్ట్ కథ ఏది?” అని. బోర్డు మీద రెండు పేర్లూ, రెండు సంవత్సరాలూ రాసి, రెండూ చదివి రమ్మందట. ఆ యాప్‌ను నమ్ముకునే ఉంటే ‘శృంగార శాకుంతలం’ శ్రీనాథుడిదని ఈ ఏడాది ఆ క్లాసులో అరవై మంది నోట్సులో రాసుకుని ఉండేవాళ్లు.